మా ముందటి అర్రలో కంప్యూటర్ సారు

మా కంప్యూటర్ సారు చనిపోయాడన్న సంగతి నాకు బస్టాండులో తెలిసింది. మోత్కూరు బస్సు దిగిన ఒకామె నా పక్కన కూచుని ఎవరితోనో చెబుతోంది. విత్తనాల దుకాణం గుమాస్తా నిన్న ఛాతీ పట్టుకుని కూలబడ్డాడట, దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయిందట. ఏ గుమాస్తా అని అడిగాను. "అదే, ఎనుకట భోనగిరిల కంప్యూటర్ల పేరు జెప్పి పోరగాండ్లను ముంచిండట గదా, ఆయన" అంది. నేనెవరో ఆమెకు తెలియదు. నా చేతిలో కట్టె ఉంది. ఆ కట్టెతో నేల మీద కొట్టి నేనన్న మాటలను నా మనుమరాలు ఇక్కడ రాయనంటోంది.

చదివేవాళ్ళకు ముందే చెబుతున్నాను. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మనుమరాలు రాస్తోంది. నా మాటలను పుస్తకం మాటలుగా మారుస్తోంది, తిట్లు తీసేస్తోంది. మార్చుకోనీ. సంగతి మాత్రం నాది, నా కండ్ల ముందు జరిగింది. ఆ సారు ఎవరినీ ముంచలేదు. ఆయన ఉన్నన్నాళ్ళూ నా నోరు కట్టేశాడు. ఇప్పుడాయన లేడు. ఇక నన్నెవరూ ఆపలేరు.

గొర్రెల మంద అమ్మి గుట్ట కింద వాడలో ఇల్లు కొనుక్కున్నవాళ్ళం మేము. నా పెనిమిటి పోయాక ముందటి అర్ర కిరాయికిచ్చేదాన్ని. ఒకసారి బియ్యం బస్తాలకిచ్చాను, ఎలుకలొచ్చాయి. ఒకసారి బట్టలు కుట్టే అతనికిచ్చాను, చెప్పకుండా పోయాడు. ఆ తర్వాత వచ్చాడు సారు. సన్నగా, పొడుగ్గా, దండెం మీద ఆరేసిన అంగీలా ఉన్నాడు. సాలెవాళ్ళ పిల్లవాడు. ఆయన నన్ను అడిగిన మొదటి మాట, "అవ్వా, జాగ సల్లగుంటదా?"

ఎవరికి, నీకా అన్నాను. తనకు కాదు, మిషన్‌కట.

"గుట్ట కింద ఇండ్లు సల్లగుంటయా సారూ? రాయి కాగి పొద్దుమూకినంక గూడ సెగ గొడ్తది. నీ మిషన్ ఓర్సుకుంటె ఉండు, లేకుంటె నీ ఇష్టం."

ఆయన గోడ మీద అరచెయ్యి పెట్టి కాసేపు చూశాడు. తర్వాత చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ఆ రోజు నుంచి ఆ అర్రలోకి చెప్పులతో ఎవరినీ రానివ్వలేదు. కిరాయికిచ్చింది నేను, తలుపు కడప దగ్గర చెప్పులు విడిచింది కూడా నేనే.

ఆయన తెచ్చిన సరంజామా ఏమిటంటే ఒక పెట్టె, నాలుగు తెరలు. హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసినవి. మిగతా చోట్ల పిల్లకొక మిషన్ పెడతారట, ఈయనకంత స్తోమత లేదు. యూనిక్స్ అనేదాన్ని పెట్టెలోకి ఎక్కిస్తే ఆ ఒక్క పెట్టె మీదనే నలుగురు కూచుని ఎవరి పని వాళ్ళు చేసుకోవచ్చట. ఎవరి తెర వాళ్ళది, ఒకరి రాతలోకి ఇంకొకరు పోలేరట. నాకు తలకెక్కలేదు. అప్పుడాయన నా భాషలోకి దిగాడు.

"ఒక్క మోటరు, నాలుగు మళ్ళు. గంతే అవ్వా."

"మోటరు కాలితె?"

"నాలుగూ ఎండుతయి," అని నవ్వాడు. ఆ నవ్వుకు పై పన్ను ఒకటి పక్కకు జరిగి కనిపించేది.

పెట్టె నుంచి నాలుగు తెరలకు పోయే తీగలను ఆయన సాలెముడి వేసి కట్టేవాడు. మగ్గం మీద తెగిన పోగును అతికే ముడి అది. వేళ్ళు వాటంతటవే తిరిగేవి, ఆయన కండ్లు ఇంకెక్కడో ఉండేవి. పని చేస్తూ ఏదో కూనిరాగం తీసేవాడు. రాగం ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో ఆయనకే తెలియదు. టీ తాగడం కూడా రాదు. గ్లాసు పక్కన పెట్టుకుని మరిచిపోయి, పైన మీగడ కట్టాక, అయ్యో అని ఒక్క గుక్కలో మింగేవాడు. నేను మళ్ళీ కాచి ఇచ్చేదాన్ని కాదు. చల్లారబెట్టుకున్నది నువ్వే, నువ్వే తాగు అనేదాన్ని.

మాకు మొదటి పంచాయితీ ఉన్ని దగ్గర వచ్చింది. పొద్దంతా కడప మీద కూచుని రాట్నం మీద ఉన్ని వడకడం నా అలవాటు. గొంగళ్ళు నేసేవాళ్ళకు ఆ నూలు ఇస్తాను. నా ఉన్ని పొట్టు గాలికి లేచి పెట్టె లోపలికి పోతోందని సారు ఒకరోజు పక్కకు జరగమన్నాడు. నా ఇంట్లో నన్నే లేవమంటావా అని వాడంతా వినేట్టు అడిగాను. ఆయన బజారుకు పోయి పాత చీర తెచ్చి తలుపుకు అడ్డంగా కట్టాడు. ఆ చీర ఇవతల నేను, అవతల ఆయనా, నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలూ. నాకు వాళ్ళు కనిపించరు, మాటలు వినిపిస్తాయి. ఆయన పాఠాలన్నీ నేను అట్లా చీర వెనక నుంచే విన్నాను.

నలుగురే పిల్లలు. నా మనుమరాలు, మా వాడ మూల మీది హోటల్ ఆయన బిడ్డ, పక్క ఊళ్ళ నుంచి బస్సు మీద వచ్చే ఇద్దరు. కంప్యూటర్ నేర్చుకుని పరీక్ష పాసైతే సర్కారు కాగితం వస్తుంది, నౌకరీకి పనికొస్తుంది. హోటల్ ఆయన ఒట్టి మంచివాడూ కాదు, ఒట్టి చెడ్డవాడూ కాదు. బిడ్డ ఏడ్చి ఏడ్చి ఒప్పించుకుంటే ఒక్క మాట అన్నాడు. ఈ పరీక్ష పాసైతే పట్నంలో పై చదువు, కాకుంటే ఆ ఎండాకాలంలోనే పెండ్లి. ఆ మాట సారు ముందరే అన్నాడు. సారు తలూపాడు. ఆ తలూపడంతో ఆ పిల్ల బరువు ఆయన మెడకెక్కింది. ఆ రోజు నుంచి ఆమె ఒక్క రోజు రాకపోతే హోటల్ దాకా పోయి, టీ తాగే నెపంతో చూసి వచ్చేవాడు.

ఆయన పిల్లలకు నేర్పిన మొదటి పాఠం అక్షరాలు కొట్టడం కాదు. ఆపడం. బల్బు ఆర్పినట్టు దీన్ని ఆర్పకూడదట. "చెప్పి పండవెట్టాలె" అనేవాడు. దాని చేతిలో ఉన్నదంతా పెట్టెలో సర్దుకునేదాకా ఆగాలి. అది ఇక సరే అన్నాకే మీట నొక్కాలి. చెప్పకుండా కరెంటు తీస్తే చేతిలో ఉన్నది చేతిలోనే పోతుంది, పెట్టెలో ఉన్నది కూడా చెదిరిపోతుంది. నాలుగు గొంతులూ కలిసి ఆ మాట అప్పజెప్పేవి. నేను ఇవతల రాట్నం తిప్పుతూ మంద గుర్తుకు తెచ్చుకునేదాన్ని. మందను దొడ్లోకి తోలేటప్పుడు కూడా అంతే కదా, అన్నీ వచ్చాయని చూడకుండా తడిక వేస్తామా?

ఆయనకున్న ఇంకో మాట, "నాకు తెల్వది, సూద్దాం." పిల్లలు ఏదైనా అడిగితే తెలిసింది చెప్పేవాడు, తెలియనిదానికి ఈ మాట అనేవాడు. సారువాళ్ళు ఇట్లా అనడం నేనెప్పుడూ వినలేదు. తెలియదని అట్లా ముఖం మీద చెబితే పిల్లలేం లెక్క చేస్తారు అని ఒకసారి కోప్పడ్డాను. "అబద్ధం జెప్తె మిషన్ ఇనది గద అవ్వా" అన్నాడు.

ఇక అసలు సంగతికి వస్తాను.

పరీక్ష దగ్గర పడింది. పరీక్షవాళ్ళు కొత్త యూనిక్స్ ఎక్కించి ఉంచమని రాశారట. నలుచదరపు పలకల్లాంటి ఫ్లాపీలు కట్టగా తెచ్చాడు. పెట్టె ఒక్కొక్కదాన్నీ అడుగుతుంది, ఈయన ఒక్కొక్కటీ ఇస్తాడు. అంతా ఎక్కాక, నాలుగు తెరలనూ గుర్తుపట్టేట్టు దాన్ని తయారు చేయాలట. ఆ పని మధ్యలో మనిషి చేసేదేమీ లేదు. పెట్టె తనలో తాను చేసుకుంటూ ఉంటుంది, పూటంతా పడుతుంది. అది నడుస్తున్న రోజే పీర్ల పండుగ ఆఖరు రోజు. పీర్లు నీళ్ళకు పోయే రోజు.

మా దిక్కు పీర్లను ఎత్తుకునేది ముసల్మాన్లు మాత్రమే కాదు. సారుకు చిన్నప్పుడు పెద్ద జ్వరమొస్తే తల్లి పీర్ల చావిట్లో మొక్కుకుందట, బతికితే ఏటా పీరు ఎత్తిస్తానని. ఆమె పోయినా ఈయన ఆ మొక్కు తప్పలేదు. ఆ పొద్దు తలస్నానం చేసి, తడి ధోవతితో, మెడలో పూలదండతో అర్రలోకి వచ్చి తెరవంక చూశాడు. ఇంకా నడుస్తోంది. నా మనుమరాలిని చూస్తూ ఉండమని చెప్పి, డప్పు వినిపించగానే పోయాడు.

మా వాడలో కరెంటు తీగలు కిందికి వేలాడుతుంటాయి. పీర్ల కర్రలు పొడుగు, పైన ఇత్తడి పంజాలు. తగిలితే ఎత్తుకున్నవాడు బతకడు. అందుకని డప్పు మలుపు తిరగగానే లైన్‌మన్ స్తంభం దగ్గర ఫ్యూజు పీకేస్తాడు, పీర్లు దాటాక మళ్ళీ పెడతాడు. ఏటా జరిగేదే. ఇది ఒకరు ఒకరికి చెప్పేది కాదు, ఒకరు ఒకరిని అడిగేది కాదు. వానొస్తే గొడుగు విప్పినట్టు. పరీక్ష తొందరలో ఆ పొద్దు ఆ సంగతి సారుకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. లైన్‌మన్ మా వాడ ముసల్మానాయనే. ఆయన ఫ్యూజు పీకేది ఎవరి కోసం? పీరు ఎత్తుకున్నవాళ్ళ ప్రాణం కోసం. ఆ ఏడు ముందు నడుస్తున్న పీరు సారు చేతుల్లో ఉంది.

నేను బిందె తీసుకుని వాకిట్లో నిలబడ్డాను. పీరు ఎత్తుకున్నవాళ్ళ కాళ్ళ మీద నీళ్ళు పోయడం మా ఆచారం. సారు ఊగుతూ వచ్చాడు. ముఖం మీద చెమట, ఊదు పొగ. నేను వంగి ఆయన పాదాల మీద నీళ్ళు పోస్తుంటే లోపల నుంచి నా మనుమరాలు "అవ్వా" అని పిలిచింది. అరుపు కాదు, మామూలు పిలుపు. చీర పక్కకు తీసి చూస్తే తెర నల్లగా ఉంది. గాలిపంకా ఆగుతూ ఆగుతూ తిరుగుతోంది. వెనక్కి తిరిగి చూశాను. సారు కూడా నన్నే చూస్తున్నాడు. చేతుల్లో పీరు ఉంది, దించరాదు. వెనక జనం, ఆగరాదు. ముందుకు పోయాడు. చెరువు దాకా పోయి, పీరును నీళ్ళకు చేర్చి, అప్పుడు గానీ తిరిగి రాలేదు.

వచ్చాక గట్టిగా మాట్లాడతాడనుకున్నాను. మెడలో దండ తీసి మేకుకు తగిలించాడు. కరెంటు అప్పటికే వచ్చింది. మీట నొక్కాడు. పెట్టె లేచి, ఏవో రెండు ముక్కలు తెర మీద వేసి, అక్కడే నిలబడిపోయింది. మళ్ళీ ఆపి, మళ్ళీ లేపాడు. అవే రెండు ముక్కలు. నాకు చదవరాదు గానీ ఆ ఆకారాలు ఇప్పటికీ నేల మీద గీయగలను. ఒకటి కొడవలి పిడి లాంటిది, ఒకటి నిలువు కర్ర.

"ఏమయింది సారూ?"

"నాకు తెల్వది. సూద్దాం."

ఆ తర్వాత రోజులన్నీ ఆ సూద్దాంలోనే గడిచాయి. నాకు మొదట నా ఉన్ని మీద అనుమానం వచ్చింది. పొట్టు పోయి దాని ముక్కుల్లో కూరుకుందేమోనని. ఆ మాట పైకి అనలేదు, కానీ రాట్నం తీసి దొడ్లో పెట్టేశాను. సారు గమనించాడు. నన్ను పిలిచి, మరలు విప్పి, పెట్టె మూత తీసి చూపించాడు. లోపల ఒక్క పోగు లేదు. "నీ ఉన్ని కాదవ్వా, రాట్నం తెచ్చుకో" అన్నాడు. అంత పరేషానులో ఉన్న మనిషి, ఒక ముసల్దాని అనుమానం తీర్చడానికి మరలన్నీ విప్పాడు. ఇది రాయి, తీసెయ్యకు అని మనుమరాలికి గట్టిగా చెప్పాను.

ఒక ఫ్లాపీతో దాన్ని లేపి, లోపల చెదిరినవాటిని ఏరించాడు. అది ప్రతిదానికీ అడుగుతుంది, మనం అవును అనాలి. మనుమరాలు కూచుని అవును, అవును అని కొడుతూనే ఉంది. ఏమడుగుతోంది అంటే, ఇది ఎవరిదో తెలియడం లేదు, ఒక పక్కన పెట్టాలా అని అడుగుతోందట. దిక్కులేనివాటిని పెట్టడానికి అందులో ఒక అర్ర ఉందట. అక్కడ చేరినవాటికి పేర్లు ఉండవు, అంకెలే ఉంటాయి. అన్నీ ఏరాక అర్ర నిండింది గానీ పెట్టె లేవలేదు.

అప్పుడే లోపల నుంచి ఒక చప్పుడు మొదలైంది. సారు చెవి పెట్టి విన్నాడు. నన్ను కూడా వినమన్నాడు. నాకు ఆ చప్పుడు తెలుసు. కడుపులో నొప్పి ఉన్న గొర్రె పండ్లు కొరుకుతుంది, అదే చప్పుడు. "గొర్రయితె ఏం జేస్తవవ్వా?" అని అడిగాడు. ఏం చేస్తాం, పక్కన కూచుంటాం అన్నాను. ఆయన నవ్వలేదు.

అంతా తుడిచేసి మళ్ళీ మొదటి నుంచి ఎక్కించాలనుకున్నాడు. ఫ్లాపీలు ఒక్కొక్కటీ మింగుతూ మింగుతూ నడుమ ఒకదాన్ని ఉమ్మేసింది. తుడిచి ఇచ్చాడు, మళ్ళీ ఉమ్మింది. ఆ ఒక్క ఫ్లాపీ కోసం ఎర్రటి ఎండలో హైదరాబాదు బస్సెక్కాడు. తిరిగి వచ్చేటప్పుడు దాన్ని ఎక్కడ పెట్టుకుని వచ్చాడో తెలుసా? అన్నం టిఫిన్‌లో. ఎండ తగలకుండా, దుమ్ము పడకుండా, స్టీలు గిన్నెలో మెత్తటి గుడ్డ పరిచి. అన్నం మాత్రం తినలేదు, గిన్నె ఖాళీ లేదు కదా.

ఈసారి అన్నీ ఎక్కాయి. కానీ పెట్టె తనంతట తాను లేవదు. ఎందుకంటే నిద్ర లేవగానే అది మొట్టమొదట చూసుకునే జాగానే చెడిపోయిందట. మిగతా జాగాల్లో కూడా అక్కడక్కడ మచ్చలున్నాయి. ఎక్కడెక్కడ చెడిందో రాసుకుని వాటి జోలికి పోవద్దని దానికి చెప్పాడు. ఒక ఫ్లాపీ నోట్లో పెట్టి లేపితే లేచింది. నాలుగు తెరలూ వెలిగాయి. నలుగురు పిల్లలూ ఎవరి పేరు వాళ్ళు కొట్టారు, ఎవరి జాగా వాళ్ళకు వచ్చింది. హోటల్ ఆయన బిడ్డ నన్ను పట్టుకుని గిరగిర తిప్పింది. నా నడుము పట్టేసింది. సారు ఆ పూట టీ వేడిగా తాగాడు.

నాకు ఒక సంగతిలో ఆయన మీద ఇప్పటికీ కోపం ఉంది. పట్నంలో ఇంకో సారును అడిగి, ఒక్క రోజుకు పెట్టె తెచ్చుకోమన్నాను. అడగలేదు. సిగ్గో, బెరుకో, లేచింది కదా అన్న ఆశో. అడిగినా ఇచ్చేవాళ్ళు కాదేమో. ఇప్పుడు ఎవరినని అడగను?

పరీక్ష రోజు అధికారి వచ్చాడు. మర్యాదస్తుడే, చెప్పులు కూడా విడిచాడు. పిల్లలు కూచున్నారు. టకటక మొదలైంది. నేను చీర ఇవతల కూచుని రాట్నం తిప్పకుండా వింటున్నాను. కొంతసేపటికి ఆ టకటకలో ఒకటి ఆగింది. తర్వాత ఇంకొకటి. ఆ వెనకే పండ్లు కొరికే చప్పుడు. చీర తీసి చూశాను. పిల్లలు కొడుతున్నారు, అక్షరం పడటం లేదు. సారు పెట్టె మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. జ్వరమొచ్చిన బిడ్డ నొసటి మీద వేసినట్టు. ఆపి లేపాడు, లేవలేదు. ఫ్లాపీ మార్చి లేపాడు, లేవలేదు. అధికారి నీళ్ళు తాగాడు, ఆగాడు, గడియారం చూసుకున్నాడు, మళ్ళీ ఆగాడు. ఆయన ఇంకో ఊరికి పోవాలి.

ఆయన లేస్తుంటే నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను.

"పిల్లలకు రాదని రాస్తవా, మిషన్ సచ్చిందని రాస్తవా?"

"మిషన్ లేదని రాస్త అమ్మా. రెండిటికి ఫలితం ఒక్కటే."

ఒక్క పూట ఆగమన్నాను. నా చేతనైనంత గట్టిగా అన్నాను. నేను గట్టిగా అంటే మందలో పొట్టేళ్ళు కూడా నిలబడేవి. అధికారి తలదించుకున్నాడు. "జరుగవ్వా" అన్నాడు సారు వెనక నుంచి. జరిగాను.

మూడు ఇళ్ళ పెద్దలు వచ్చారు, పిల్లల సంవత్సరం ఏమైందని నిలదీశారు. హోటల్ ఆయన అందరికన్నా ముందు ఉన్నాడు. సారు వాకిట్లో నిలబడి ఒక్క మాట అన్నాడు. "తప్పు నాది." నేను నోరు తెరిచాను. ఆయన నావంక చూసిన చూపుకు మూసుకున్నాను. అర్రలోకి పిలిచి చెప్పాడు.

"ఫ్యూజు మాట తియ్యకవ్వా. లైన్‌మన్ మీద కాగితం వెడ్తరు, ఆయన నౌకరి పోతది. వాడల ఇద్దరు ముగ్గురు గిసొంటి మాట కోసమే సూస్తున్నరు. ముంగటేడు పీర్లు ఈ తొవ్వ రావద్దంటరు. పీరును ఎత్తుకున్నది నేనే గద. ఎవర్నని అంట?"

"మరి నీ పేరు?"

"నేనుండంగ నువ్వు చెప్పొద్దు."

తప్పు నాది అన్నాడు కదా, ఊరు దాన్నే పట్టుకుంది. తప్పు చేసినవాడు ఒప్పుకోడు, వీడు ఒప్పుకున్నాడంటే ఇంకెంత చేశాడో అన్నారు. చచ్చిన మిషన్ పెట్టి పిల్లలను ముంచాడు అన్నారు. హోటల్ ఆయన అన్న మాట ప్రకారం బిడ్డకు పెండ్లి చేసి పంపాడు. పోయేటప్పుడు ఆ పిల్ల మా వాకిట్లో ఆగి, చీర తొలగించి, ఖాళీ బల్లలను చూసి పోయింది. సారు మోత్కూరు పోయి విత్తనాల దుకాణంలో గుమాస్తాగా కుదిరాడు. మళ్ళీ కంప్యూటర్ ముట్టలేదు. మళ్ళీ నేర్పమని నా మనుమరాలు ఎన్నిసార్లు కబురు పెట్టినా, అదంతా మరిచిపోయానని చెప్పి పంపేవాడు. ఏటా పీర్ల పండుగకు మాత్రం వచ్చేవాడు. ఎత్తుకునేవాడు. నేను బిందెతో నిలబడేదాన్ని. ఇద్దరం మాట్లాడుకునేవాళ్ళం కాదు, నీళ్ళు పోసేదాన్ని, పోయేవాడు.

ఆ రోజు బస్టాండు నుంచి ఇంటికి పోలేదు, మోత్కూరు బస్సెక్కాను. మనుమరాలు వెనక బస్సుకు వచ్చింది. ఆయనను వాకిట్లో చాప మీద పండబెట్టారు. జనం లేరు. దుకాణం వాళ్ళు ఇద్దరు, భార్య, ఆమె తరఫువాళ్ళు కొందరు. ఇంత మంచి మనిషికి ఇంతేనా జనం అని నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. కోపం తెచ్చుకుని ఎవరిని కొట్టను?

కాసేపటికి హోటల్ ఆయన వచ్చాడు. బిడ్డ ఫోను చేసి పొమ్మన్నదట. వచ్చి కడప బయటే నిలబడ్డాడు, లోపలికి రాడు, వెనక్కి పోడు. నేను లేచి పోయి, అందరి ముందరా, ఫ్యూజు సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. పీరు సంగతి, లైన్‌మన్ సంగతి, నా నోరు కట్టేసిన సంగతి. లైన్‌మన్ ఇప్పుడు నౌకరీ నుంచి దిగిపోయాడు, ఇక భయం లేదు అన్నాను. ఆయన విన్నాడు. అంతా విన్నాక అన్నాడు:

"గప్పుడే చెప్తె నా బిడ్డను ఇంకో ఏడు సదివిస్తుంటిని గదమ్మా."

సారు వంక చూశాను.

హోటల్ ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. పెద్ద ఒళ్ళు మనిషి, కింద కూచోవడం కష్టం. చెయ్యి నేలకు ఆనించి మెల్లగా కూచున్నాడు. సారు ముఖం మీద ఒక ఈగ వాలింది. భుజం మీది తువ్వాలు తీసి విసిరాడు. ఈగ లేచిపోయింది. ఆయన విసరడం ఆపలేదు. పాడె కట్టేదాకా, స్నానానికి నీళ్ళు తెచ్చేదాకా, ఎవరి వంకా చూడకుండా, ఈగలు లేని ఆ ముఖం మీద తువ్వాలు విసురుతూనే కూచున్నాడు.